యూరోపు పురయాత్రలును, ఆంధ్రుల వేషౌచిత్యమును

మన కృష్ణామండలమునుండి లండను, పారిసు, రోము, వియన్నా మొదలగు యూరోపు పట్టణములకు నాలుగైదు దినముల విహారమునకై పోయి వచ్చువారు నేఁడు పెక్కండ్రు కలరు. అందుఁ గొందఱు బిడ్డలను జూచు నెపమునఁ బోవుదురు. కొందఱు కేవల వినోదమునకే పోవుదురు. ఎవ్వరు పోయినను బయలుదేఱుటకు ముందు విచారించు విషయములు ముఖ్యముగా రెండు: ఎచట దిగవలెను? ఏమి కట్టవలెను? ఇవి మిక్కిలి లౌకికములైన ప్రశ్నలని పండితులు త్రోసివేయఁదగదు. వీనికిఁ జరిత్రము కలదు. ఆ చరిత్రమునఁ గృష్ణాతీరమునకు గొప్ప భాగము కలదు. దానిని మొదట శబ్దములయందును, పిమ్మట వస్త్రములయందును, గ్రంథములయందును, మనుష్యులయందును విచారించి, తుదకు నేఁటి యాత్రికునకు దానివలనఁ గలుగు ప్రయోజనమును నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

శబ్దవిచారము

పై రెండు ప్రశ్నలును వ్యాకరణమున నొక్కచోట నెదురుపడుట చూడఁదగినది. ధాతుపాఠమున భ్వాదిగణమునఁ జదువఁబడిన వసధాతువు నివాసార్థకము. అదాదిగణమునఁ జదువఁబడిన వసధాతువు ఆచ్ఛాదనార్థకము. మొదటిదానివలన వసతి, వాసము, ప్రవాసము అను శబ్దములును, రెండవదానివలన వస్త్రము, వసనము అను శబ్దములును సిద్ధించుచున్నవి. ధాతువులు భిన్నములే, రూపసామ్యమునుబట్టి వాని నేకముచేయుట శాస్త్రసమ్మతము కాదు. అయినను బ్రవాసికిఁ గావలసిన వసతియు వస్త్రమును నొకే యక్షరములఁ బలుకఁబడుట జ్ఞాపకముంచుకొనుటకు సుకరము.

ఇఁక నగరశబ్దము. నగరమునఁ బుట్టినవాఁడు, నగరమునకుఁ జెందినవాఁడు అను సామాన్యార్థమున నొక రూపమును, నిందయుఁ బ్రావీణ్యమును దోఁచునపుడు వుఞ్ ప్రత్యయముతో నాగరకరూపమును బాణిని విధించెను. వృత్తికారులు నిందకు దొంగల నుదాహరించిరి. ప్రావీణ్యమునకుఁ గళాకుశలుల నుదాహరించిరి. కాఁబట్టి నాగరకుఁ డనఁగా నగరవాసము చేత నేర్పు గడించినవాఁడైనను గావచ్చును. నగరవాసము చేతఁ జెడినవాఁడైనను గావచ్చును. ఒక్క ప్రత్యయముననే యీ రెండర్థములును నిలుచుట పట్టణముల స్వభావమునకుఁ దగియున్నది. విదేశ పట్టణమునకు విహారార్థమై పోవు మనుష్యుఁడు మెచ్చఁబడుటయు నవ్వఁబడుటయు నీ రెండర్థములలో నేదో యొకదానిఁ జేరును. ఈ వ్యాసమున ముందు చెప్పఁబోవు చరిత్రమంతయు నీ కుత్సన ప్రావీణ్యముల నడుమ నడచినదే.

వేషవిషయమున మన పూర్వులు ఉదాసీనులు కారు. అమరసింహుఁడు ఆకల్ప వేష నేపథ్య ప్రతికర్మ ప్రసాధనశబ్దములను సమానార్థకములుగాఁ బఠించెను. వాత్స్యాయనుఁడు నాగరకవృత్తమున నుద్యానగమనమును వర్ణించుచు, ప్రాతఃకాలముననే చక్కఁగా నలంకరించుకొని, గుఱ్ఱములనెక్కి, పరిచారకులతోఁ బోయి, దినమంతయు వినోదించి, సాయంకాలమునఁ దిరిగి రావలెనని చెప్పెను. ఒక్క దినపు విహారమున కిది విధి. గోష్ఠిలో మాటలు మిక్కిలి సంస్కృతముగాఁ గాని మిక్కిలి దేశభాషగాఁ గాని యుండరాదనియు నతఁడే చెప్పెను. ఇది భాషకుఁ జెప్పిన నియమమైనను వేషమునకును జెల్లును. క్షేమేంద్రుఁడు రసజీవితముగాఁ బ్రతిపాదించిన ఔచిత్యమును దీనినే సమర్థించుచున్నది: తగినచోట నుంచినపుడే భూషణము భూషణము, మొలనూలు మెడకుఁ గట్టినచో నది హాస్యహేతువు.

వస్త్రముల యాత్ర

యూరోపు పట్టణముల వేషముతోఁ గృష్ణాతీరమునకుఁ గల సంబంధము మనుష్యులవలనఁ గాక వస్త్రములవలన నారంభమైనది. క్రీ. శ. మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయఁబడిన ‘ఎరిత్రయ సముద్రయాన’ గ్రంథము ‘మసలియా’ ప్రాంతమున నూలువస్త్రములు విస్తారముగాఁ దయారగుచుండెనని చెప్పుచున్నది. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొన్న ‘కొంటకస్సిల’ యను రేవు నేఁటి ఘంటసాలయే యని చరిత్రకారులు గుర్తించిరి. ప్రాకృతశాసనములలోఁ గంటకసెల యను రూపము కనఁబడుచుండుట దానికి సాక్ష్యము.

మధ్యకాలమును విడిచి పదునేడవ శతాబ్దమునకు వత్తము. 1605లో డచ్చివారు మచిలీపట్టణమునకు వచ్చి వర్తకస్థానము నెలకొల్పుకొనఁ బ్రారంభించిరి. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబు’ నౌక వచ్చినది. 1669లోఁ బరాసులు వచ్చిరి. వీరందఱును గోరినవానిలో ముఖ్యమైనది అద్దకపు గుడ్డ. దాని రహస్యము రంగులో లేదు; రంగును బట్టియుంచు విద్యలో నున్నది. గుడ్డను గరక్కాయ కషాయమునఁ బాలతోఁ గూడ నానవేసి, యినుపనీటితో నల్లని రేఖలు వ్రాసి, యెఱుపు రావలసినచోటఁ బటికనీరు పూసి, చిరువేరుతోఁ గాఁచి, పాఱునీట నుదికి, యెండ నారఁబెట్టుదురు. పటిక పూసినచోటనే యెఱుపు నిలుచును, తక్కినచోటఁ దొలఁగిపోవును. ఉదుకఁగా నుదుకఁగా వన్నె తేఱు నద్దకమును నాఁటి యూరోపువా రెఱుఁగరు. వారి రంగు గుడ్డలు నీటఁ బడినంతనే వెలసిపోవుచుండెను. కాఁబట్టి మన గుడ్డలు పారిసు, లండను, ఆమ్‌స్టర్‌డాము నగరముల స్త్రీలకుఁ బావడలుగాను, పురుషులకు నింటివేళఁ దొడుగు వదులు నంగీలుగాను, మంచములకుఁ బఱపులుగాను వ్యాపించినవి. వారు ‘పాలంపూరు’ అని వ్యవహరించిన మాట పలంగ్‌పోషు, అనఁగా మంచముపైఁ గప్పు దుప్పటి, యను శబ్దమున కపభ్రంశమే.

ఈ వ్యాప్తిని జూచి యచటి నేఁతగాండ్రు కలఁతచెందిరి. ఫ్రాన్సురాజ్యము 1686లో నద్దకపు గుడ్డలను నిషేధించి 1759 వఱకు నా నిషేధమును నిలిపినది. ఇంగ్లండున 1701 మొదలు ఆసియా యద్దకములకును, 1721 మొదలు అద్దకపు నూలుగుడ్డలఁ గట్టుటకే కూడను నిషేధము కలిగినది. అది 1774లోఁ దొలఁగినది. డెబ్బది యేండ్లకుఁ బైగా శాసనములు నిషేధించినను జనులు కట్టుట మానరైరి. ఇచటఁ బాణిని చెప్పిన రెండర్థములును గనఁబడుచున్నవి. రాజ్యమునకు ఆ వేషము నింద్యము. కట్టినవారికి అది నేర్పు. నెదర్లండులోని హిందెలోపెన్ అను చిన్నపట్టణమున నీ తూర్పుతీరపు అద్దకము స్త్రీల సంప్రదాయవేషముననే చేరిపోయినది. వారు తమ పూర్వుల వేషముగాఁ దలఁచునదియు మన తీరపు చేతిపనియే.

మార్గదర్శక గ్రంథములు

యాత్రకుఁ బోవువారికి నుపదేశము చేయు గ్రంథము యూరోపున నెప్పుడు స్థిరరూపము పొందినది? పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్ల ధనికుల కుమారులు విద్య ముగించి పారిసు, ఫ్లారెన్సు, రోము, వెనీసు నగరములను జూచి వచ్చుట యాచారము. కాని వారి వెంట గురువు పోవుచుండెను గనుక గ్రంథముతో నంత పని లేదు. గురువును దెచ్చుకొనలేని మధ్యమవర్గము బయలుదేఱినపుడు గ్రంథము గురుస్థాన మాక్రమించినది. లండనున జాన్ మఱ్ఱే 1836లోఁ దన మొదటి యాత్రికహస్తపుస్తకమును బ్రకటించెను. జర్మనీలో బేడెకర్ పుస్తకములు నాకాలముననే వ్యాపించినవి. 1841లో థామస్ కుక్ లెస్టరునుండి లఫ్‌బరోకుఁ దలకొక షిల్లింగు చొప్పున నైదువందలమందిని రైలులోఁ గొనిపోయి సామూహికయాత్రకు మార్గము తెఱచెను.

ఈ సంవత్సరములను దెలుఁగువారు శ్రద్ధతోఁ జూడవలెను. మదరాసు సుప్రీంకోర్టున ద్విభాషిగా నుండిన ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీని బయలుదేఱి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, పూరీ మొదలగు స్థలములను సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీని మదరాసునకుఁ దిరిగి వచ్చెను. మార్గమున నతఁడు మిత్రుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసిన లేఖలే ‘కాశీయాత్రాచరిత్ర’ యైనవి. గ్రంథకర్త 1836లో మరణింపఁగా 1838లో శ్రీనివాసపిళ్ల దానిని ముద్రింపించెను. మఱ్ఱే పుస్తకమునకును దీనికిని నడుమ నున్న యంతరము రెండే సంవత్సరములు.

స్వభావమునను వీనికిఁ బోలిక కలదు. ఏ యూర నంగళ్లు కలవు, ఏ మజిలీలో మంచినీళ్లు దొరకును, ఏ యేటి నెట్లు దాఁటవలెను, బోయీల నెట్లు కుదుర్చుకొనవలెను, ఎచట దిగుటకుఁ దోఁపు కలదు, ఎచట లేదు అనునవియే వీరాస్వామయ్య గ్రంథమునకుఁ బ్రాణము. అతఁడు తీర్థమహిమను జెప్పి యూరకుండలేదు. ముందు రాఁబోవువారికి దారి చెప్పెను. కాశికిఁ బోయినవాఁడును గాటికిఁ బోయినవాఁడును నొక్కటే యని లోకోక్తి చెప్పుకొను దినములలో నూఱుమంది పరివారముతోఁ బోయి, సుఖముగాఁ దిరిగి వచ్చి, ఆ తిరిగి వచ్చుట యెట్లో లోకమునకు నేర్పెను.

తరువాతి భేదము శోచనీయము. మఱ్ఱే, బేడెకర్ పుస్తకములు నూతనములగు దారులఁ జేర్చుకొనుచు మాటిమాటికి సంస్కరింపఁబడి పునర్ముద్రితములైనవి. దిగువారు మాఱినను బండ్లు మాఱినను గ్రంథము మాఱుచు జీవించినది. మన కాశీయాత్రాచరిత్ర 1869లో మరల ముద్రితమై, 1941లో బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావు గారి పరిష్కరణముతో మూఁడవమాఱు వెలసినది. వారు చేసిన యుపకారము సామాన్యము కాదు. కాని యప్పటికి అది చరిత్రకు మూలమయ్యెను గాని యాత్రికుని చేతిపుస్తకము కాదు. సమకాలమునఁ బుట్టిన రెండు శాఖలలో నొకటి వృక్షమైనది. రెండవది మ్రోడై నిలిచినది.

మనుష్యుల యాత్ర

వస్త్రము నిరాటంకముగా దాఁటిన సముద్రమును మనుష్యుఁడు దాఁటుటకు శాస్త్రము అడ్డమైనది. బౌధాయనుఁడు సముద్రయానమును బాతకములలోఁ జేర్చెను. కలివర్జ్యములలో సముద్రయాత్రచేసిన ద్విజుఁడు ప్రాయశ్చిత్తము చేసికొన్నను సంగ్రాహ్యుఁడు కాఁడని చెప్పఁబడినది. ఈ నిషేధమునకుఁ గారణము నీరు కాదు; నీటి నడుమ నాచారమును గాపాడుకొనలేమను భయము. భోజనము తరువాత నాచారమునకు బాహ్యలక్షణము వేషము. కాఁబట్టి పడవ యెక్కినవాఁ డేమి కట్టెను, ఏమి విడిచెను అనునది యూరివారి మొదటి ప్రశ్న.

1869లో సూయెజు కాలువ తెఱవఁబడుటతో దారి సుగమమైనది. రెండేండ్లకే, 1871లో, పోతం జానకమ్మ రాఘవయ్య యను మదరాసు తెలుఁగు స్త్రీ ఇంగ్లండునకుఁ బోయెను. ఆమె తెలుఁగున వ్రాసిన యాత్రావృత్తాంతము 1876లో మదరాసున ఆంగ్లానువాదముగాఁ బ్రకటింపఁబడినది. కాశీయాత్రాచరిత్రకు ముప్పదియెనిమిది యేండ్లకు మన భాషాస్త్రీ యొకతె లండను నగరమును దన కన్నులఁ జూచి తన భాషలో వ్రాసెననుట మన వాఙ్మయచరిత్రలలో నొక్క వాక్యమైనను గాంచవలసిన విషయము. అది లోకమున ఆంగ్లవేషముననే ప్రసిద్ధమైనది. మనుష్యులు పరవేషము ధరించినఁ బలుమాటలాడు మనము, మన గ్రంథము పరవేషమునఁ దిరుగుచుండఁగా మాటాడమైతిమి.

వేషమునఁ బొరపడుట యెట్టిదో గాంధీమహాత్ముఁడు తన యాత్మకథలో దాఁపకుండ వ్రాసెను. 1888 సెప్టెంబరు తుదిదినములలో నోడ దిగునపుడు తెల్లని ఫ్లానెలు దుస్తులు తగినవని తలఁచి వానిని దొడిగికొనెను. ఆ వేషమున దిగినవాఁడు తానొక్కఁడే. పెట్టెలు వేఱుగాఁ బంపఁబడుటచే మఱి రెండు దినములు మార్చుకొనుట కుపాయము లేకపోయెను. పిమ్మట బొంబాయిలోఁ గుట్టించిన దుస్తులు పనికిరావని క్రొత్తవి కొని, పందొమ్మిది షిల్లింగులు పెట్టి పొడుగుటోపీని, పది పౌనులు పెట్టి బాండువీథిలో సాయంవేషమును సంపాదించెను. ఆ వ్యయమును దానే వృథా యని తెలిసికొని 1893-94 ప్రాంతమున ‘లండను మార్గదర్శి’ యను చిన్న పుస్తకమును రచించి, ఎన్ని చొక్కాలు, ఎన్ని మేజోళ్లు, దేనికెంత వెల యని పట్టిక వ్రాసి, వారమున కొక పౌనుతో జీవింపవచ్చునని చూపెను. అది యతని జీవితకాలమున ముద్రితము కాలేదు. 1931లో మరల లండనునకుఁ బోయి రాజమందిరమున నైదవ జార్జి నెదుర ధోవతితో, ఉత్తరీయముతో నిలిచినవాఁడును ఈతఁడే. మొదటిది పరులను జూచి కట్టినది. రెండవది తన్ను జూచికొని కట్టినది.

మన డెల్టాప్రాంతపు సాక్ష్యము హాస్యరూపమునఁ గలదు. ఎడింబరోలో విద్య నభ్యసించిన మొక్కపాటి నరసింహశాస్త్రి గారు 1924లోఁ బ్రకటించిన ‘బారిష్టరు పార్వతీశము’ మొదటిభాగమున మొగల్తూరు యువకుఁడు మదరాసు, కొలంబు, మార్సేలు, పారిసు మీఁదుగా లండను చేరును. టోపీ మొదలుకొని బల్లయొద్ద భోజనము వఱకు నతనికిఁ బ్రతిచోటను సందేహమే. ఆ గ్రంథము నవ్వించునది నిజమే. కాని యది నవ్వించుచునే మార్గదర్శి చేయవలసిన పనిని జేయుచున్నది. పార్వతీశము మూర్ఖుఁడు కాఁడు. అతనికిఁ దన భాషలోఁ జెప్పిన పుస్తక మొక్కటియు లేకపోయినది. అతని పొరపాటులలోఁ బెక్కు ఒక్క పుటలో నివారింపఁదగినవి.

వీరి కెదురుగాఁ బ్రావీణ్యపక్షమున నుదాహరింపఁదగినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1936 మొదలు 1952 వఱకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్పాల్డింగు ఆచార్యపదవి నలంకరించిన కాలమునఁ దెల్లని తలపాగాను, పొడుగుకోటును విడువరైరి. ఆ కోటు చలికిఁ జాలును. ఆ తలపాగా తన దేశమును దెలుపును. దేశకాలములకు లొంగియు స్వరూపమును జెడఁగొట్టుకొనకుండుట యన నిదియే. ‘ఏ యెండ కా గొడుగు’ అను లోకోక్తి మనవారు నిందగా వాడుదురు. కాని యెండకుఁ దగిన గొడుగు పట్టుట నేర్పే కదా! గొడుగు మాఱవచ్చును, పట్టిన చేయి మాఱరాదు. ఇచటను నాగరకశబ్దపు రెండర్థములే.

నేఁటి యాత్రికునకు

ఇప్పుడు శాస్త్రనిషేధమునకు మాఱుగా రాజ్యానుమతి యొక్కటియే యడ్డము. లక్సెంబర్గులోని షెంగెన్ గ్రామమున 1985లోఁ గుదిరిన యొడంబడిక 1995లో నమలులోనికి వచ్చినది. నేఁ డందు 29 దేశములు చేరియున్నవి. ఒక్క యనుమతితో వీనియందు 180 దినములలో 90 దినములు మించకుండఁ దిరుగవచ్చును. దరఖాస్తు ప్రయాణమునకు ఆఱు మాసములకు ముందుగాఁ గాని, పదునైదు దినములకు లోపలఁ గాని యుండరాదు. ఎక్కువ దినములు నిలువఁబోవు దేశమునకే పంపవలెను. ముప్పదివేల యూరోలకుఁ దక్కువ కాని వైద్యబీమా యావశ్యకము. ఇంగ్లండు ఈ సమూహమునఁ జేరలేదు గనుక లండనునకు వేఱుగా ననుమతి పొందవలెను. పారిసు పత్రముతో లండను చూడఁదలఁచుట వ్యర్థము.

వేషమునకు మొదటి ప్రమాణము ఋతువు. మన బెజవాడలో రోహిణీకార్తె యెండకు సన్నని నూలుబట్ట యొక్కటి చాలును. అచట నొకే దినమున నెండయు వానయుఁ జలియు రావచ్చును. అట్టిచోట దట్టమైన కంబళికోటు ఒక్కటి కంటె సన్నని పొరలు మూఁడు మేలు. పొరల నడుమఁ జిక్కిన గాలియే వెచ్చఁదనమును గాపాడును. లోనికిఁ బోయినపు డొక పొర విప్పుకొనవచ్చును. జూను మాసమునఁ బారిసులో రాత్రి పది గంటలకు గాని చీఁకటి పడదు. డిసెంబరున నైదింటికే పడును. కాఁబట్టి వేసవిలో నడక కెక్కువ కాలమును, శీతకాలమునఁ జిత్రశాలల కెక్కువ కాలమును నియమించుకొనవలెను.

రెండవ ప్రమాణము నేల. రోమునగరపు వీథులలోఁ బెక్కింటఁ జిన్న నల్లరాళ్లు పఱచియుందురు. మడమ యెత్తైన చెప్పులు వాని సందులఁ జిక్కును. కొన్ని వారములు వాడి యలవాటు పడిన మెత్తని బూట్లనే కొనిపోవలెను, క్రొత్తవి పనికిరావు. చీర కట్టువారు కుచ్చెళ్లను రెండంగుళములు పైకిఁ గట్టి, లోపల నున్నిమేజోళ్లు తొడిగికొన్నచో వాననీటినుండియుఁ జలినుండియు రక్షణ కలుగును. కదలుమెట్లపై నెక్కునపుడు కొంగును బిగించి పట్టుకొనవలెను.

మూఁడవ ప్రమాణము స్థలమర్యాద. రోములోని పునీత పేతురు దేవాలయమునను, వెనీసులోని పునీత మార్కు దేవాలయమునను భుజములును మోకాళ్లును గప్పుకొనని వారిని లోనికి రానీయరు. ఇది మనకు వింత కాదు. మా భవానీపురము మీఁదుగా నింద్రకీలాద్రికి నేఁటేట నెఱ్ఱబట్టలు కట్టి నడచు భవానీదీక్షాపరులను జూచువారికి యాత్రకును వేషమునకును గల సంబంధమును వేఱుగాఁ జెప్పఁబనిలేదు. ఒక పలుచని యుత్తరీయము సంచిలో నున్నచో ఎండకును జలికిని దేవాలయమునకును నుపకరించును. అది మంగళగిరి నూలుదో, పెడన కలంకారీయో యైనచో మఱియు మేలు.

నాలుగవది జాగ్రత్త. నాగరకశబ్దమునకు వృత్తికారులు చూపిన దొంగల యుదాహరణము పారిసు భూగర్భశకటములలోను, రోము బస్సులలోను నేఁటికిని జెల్లుచున్నది. ధనమును బత్రములను బైజేబులో నుంచక లోవస్త్రమున నుంచుకొనవలెను. పత్రముల ప్రతిబింబములు వేఱుగా నుండవలెను. లూవ్రు ప్రదర్శనశాల మంగళవారమునను, వెర్సేలు ప్రాసాదము సోమవారమునను మూయఁబడును; టిక్కెట్లు ముందుగాఁ గొనిన నిలువనక్కఱ యుండదు.

చూడఁదగినవి

ఈ విధులన్నియు నే దేశపువానికైనను జెల్లును. ఆంధ్రునకు వేఱుగాఁ జూడవలసినవి కొన్ని కలవు. లండనున బ్రిటిషు ప్రదర్శనశాలలో నూటికిఁ బైగా నమరావతి శిల్పములు కలవు. 1797లో మెకంజీ చూచిన స్తూపమునుండి, 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన శిల్పములు ముఖ్యముగా నచటికిఁ జేరినవి. ఆ గది తెఱచియుండునో లేదో ముందుగా విచారించుకొని పోవలెను. విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోఁ గోరమాండలు అద్దకములు కలవు. 2025లోఁ దూర్పులండనునఁ దెఱవఁబడిన దాని భాండాగారమున ముందుగాఁ గోరినచో వస్తువులను దీసి చూపుదురు. మన నిఘంటుకర్త బ్రౌను దొర సమాధి లండనులోని కెన్సల్ గ్రీను శ్మశానవాటికలో నున్నది.

జర్మనీలోని హాలే పట్టణమున 1746-47 సంవత్సరములలో బెంజమిన్ షూల్జు తెలుఁగు పుస్తకములను ముద్రించెను. మన యక్షరములు మొదట అచ్చుపడినది బెజవాడలోఁ గాదు, మదరాసులోఁ గాదు, ఆ పట్టణముననే. వెర్సేలు సమీపమునఁ గల జూయీ గ్రామమున నిషేధము తొలఁగిన మఱుసటి యేఁడు, 1760లో, ఒబెర్‌కంఫ్ అద్దకపు కార్ఖానా స్థాపించెను. అచటి ప్రదర్శనశాలలో మన విద్య వారి విద్య యైన విధము కన్నులఁ గట్టును. నెదర్లండులో లేవార్డెన్ పట్టణపు ఫ్రీస్ ప్రదర్శనశాలయు, హిందెలోపెన్ ప్రదర్శనశాలయు మన గుడ్డలను జూపును. ఇవియన్నియు నొక్క యాత్రలోఁ జూడఁ బనిలేదు. నాలుగు దినములు గలవానికి లండను చాలును, మఱి మూఁడు గలవానికిఁ బారిసు చాలును.

ఉపసంహారము

ముందు మన వస్త్రము పోయెను. వెనుక మన మనుష్యుఁడు పోయెను. కాని యా మనుష్యుఁ డా వస్త్రమును గుర్తింపలేదు. పార్వతీశము పారిసువీథిలో వేషమునకై బెదరుచు నడచినపుడు ఆ నగరపు స్త్రీలు తన తీరపు గుడ్డకై రాజశాసనమును ధిక్కరించిన కథ యతని కెవ్వరును జెప్పలేదు. చెప్పియుండినచోఁ దలయెత్తి నడచియుండును. నేఁటి యాత్రికుఁడు విమానమున నొక్క రాత్రిలోఁ బోవుచున్నాఁడు; వానికి వసతి కుదుర్చువారు కలరు, వస్త్రము లమ్మువారు కలరు. వానికిఁ గొఱవడినది తెలుఁగున నొక చేతిపుస్తకము. యే నగరమున నెచట దిగవలెను, ఏమి కట్టవలెను, ఎవరితో నెట్లు మాటాడవలెను అనుటతోఁ బాటు, ఆ నగరమున మనవి యేమి కలవు అని చెప్పు పుస్తకము. 1838లోఁ బ్రారంభమై నిలిచిపోయిన వీరాస్వామయ్య మార్గమును ముందునకుఁ గొనిపోవుట యనఁగా నిదియే.

ఈ పని ఒక్కరిది కాదు. పోయివచ్చినవారు తాము చూచిన తెలుఁగువస్తువుల సంఖ్యలను, స్థలములను వ్రాసి పరిషత్తుల కంపవలెను. పాఠశాలలలోని పండితులు నాగరకశబ్దమును బోధించునపుడు మచిలీపట్టణపు అద్దకమును, జానకమ్మ యాత్రను గూడ నుదాహరింపవలెను. జానకమ్మ గ్రంథమును మన భాషలోఁ బ్రతి విద్యార్థికి నందునట్లు చేయవలెను. అట్లు చేసినచోఁ గృష్ణాతీరమునుండి పోవు విహారి యే పట్టణమునఁ దిరిగినను నిందార్థమునఁ గాక ప్రావీణ్యార్థముననే నాగరకుఁ డనిపించుకొనును.